పేరు తెలియనివాడికి అన్నీ పిచ్చిమొక్కలే



ఉద్యోగ విరమణకు కొన్నేళ్ళ ముందటి మాట. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు బడి ప్రహరీ పక్క నుంచి ఒక రెమ్మ తుంచుకువచ్చి, "మాస్టారూ, ఇదేం మొక్కండీ?" అని అడిగాడు. ఎదురెదురు ఆకులు, పొడవాటి కంకి, ఆ కంకికి తలకిందులుగా వాలి బట్టకు అంటుకునే గరుకు పూలు. నేను ఒక్కసారి చూసి, "ఏదో పిచ్చిమొక్కరా, అవతల పారెయ్" అన్నాను. వాడు పారేశాడు. వినాయక చవితి దగ్గరపడుతోంది కనుక, అదే మధ్యాహ్నం అదే తరగతిలో ఏకవింశతి పత్రుల పేర్లు నల్లబల్ల మీద వ్రాసి, "అపామార్గం అంటే ఉత్తరేణి" అని గంభీరంగా అర్థం చెప్పాను. పొద్దున నేను పారవేయించినది ఆ ఉత్తరేణినే అని తెలుసుకోవడానికి నాకు మరో రెండేళ్ళు పట్టింది.

ఈ తప్పు నా ఒక్కడిదే అయితే ఇక్కడ వ్రాయవలసిన పని లేదు. ఇది మా పండితవర్గం మొత్తానిది. అమరకోశంలోని వనౌషధివర్గాన్ని వల్లెవేసి పరీక్షలు గట్టెక్కిన వాళ్ళం మేము. ఉత్తరేణికి ఖరమంజరి అనే పేరుందని తెలుసు. గరుకైన కంకి గలది అని వ్యుత్పత్తి చెప్పగలం. ఆ కంకిని చేత్తో ముట్టి చూసినవాడు మాత్రం మాలో ఎందరు? మన నిఘంటువులు తీయండి. మొక్క పేరు వచ్చిన చోటల్లా "వృక్షవిశేషము", "ఓషధివిశేషము", "తృణవిశేషము" అని ఉంటుంది. ఏమిటా విశేషము? చెప్పరు. పండితుడు "విశేషము" అని తప్పించుకుంటే పామరుడు "పిచ్చిమొక్క" అని తప్పించుకుంటాడు. రెండింటికీ అర్థం ఒక్కటే: నాకు తెలియదు, తెలుసుకోను.

ఒక మాట పుస్తకంలో తప్పుగా ఉంటే అచ్చుతప్పుతో పోతుంది. అదే మాట యంత్రం ఎక్కితే ఏమవుతుందో మా తుళ్లూరులో చూశాను.

2015లో రాజధాని కోసం ఇరవై తొమ్మిది గ్రామాల రైతులు భూసమీకరణలో భూములు ఇచ్చారు. మొత్తం సుమారు 34 వేల ఎకరాలు. ఆ ఏడాది అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. కొన్ని భవనాలు, కొన్ని రోడ్లు లేచాయి. 2019 తరువాత పనులు నిలిచిపోయాయి. పత్తి, మిరప, మొక్కజొన్న పండిన నల్లరేగడి బీడుపడింది. బీడును ప్రకృతి ఖాళీగా ఉంచదు. సర్కారు తుమ్మ అడవిలా కమ్ముకుంది. 2024 ఆగస్టులో యంత్రాలు దిగాయి. 23 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఆ కంప తొలగించే పనికి అందరూ వాడిన పేరు "జంగిల్ క్లియరెన్స్". పత్రికలు సరళంగా "పిచ్చిమొక్కల తొలగింపు" అన్నాయి.

సర్కారు తుమ్మను తొలగించడం నాకు సమ్మతమే. ఆ మాట ముందే స్పష్టం చేస్తున్నాను. అది మన మొక్క కాదు. దాని పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతం. 1877 ప్రాంతంలో జమైకా నుంచి తెప్పించిన గింజలను అటవీశాఖ వారు కడప జిల్లా కమలాపురంలో నాటించారు. వంటచెరకు కోసం సర్కారు తెచ్చింది కనుక సర్కారు తుమ్మ అయింది. నాటిన సర్కారే నేడు పీకిస్తోంది, అంతే. వయ్యారిభామ సంగతీ ఇంతే. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క పుప్పొడితో పాటు వ్యాపించిన వైరసు 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుశనగ రైతుల నోట మట్టి కొట్టింది. ఇటువంటివాటిని వెనకేసుకు రావడానికి నేను కలం పట్టలేదు.

నా అభ్యంతరం ఒక్కటే. యంత్రానికి పేర్లు తెలియవు. దాన్ని నడిపేవాడికి మనం చెప్పలేదు. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం మన జమ్మి. రెండింటికీ ముళ్ళే, రెండింటికీ చిన్న చిన్న ఆకులే. దసరా నాడు ప్రదక్షిణ చేసే జమ్మి లేతమొక్కగా ఉన్నప్పుడు సర్కారు తుమ్మ పక్కన నిలబడితే ఎవరు గుర్తుపడతారు? ఆ కంప నీడన, గట్ల మీద, డొంకల అంచున బతుకుతున్న తంగేడు, వావిలి, వెంపలి, తుత్తురబెండ, తుమ్మి, గుంటగలగర, నేల ఉసిరి, పల్లేరు, దూసరితీగ, తిప్పతీగ... అన్నీ ఒకే పద్దు కింద పోయేవే. ఇరవై ఒక్క పత్రులలో గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు, వావిలి, విష్ణుక్రాంతం, రేగు, జమ్మి గట్ల మీదా పుట్రల్లోనూ తమంతట తాము మొలిచేవి. చవితి ముందు రోజు బజారులో ఏదో ఒక ఆకుకట్టను పత్రి అని కొనుక్కుని, దేవుణ్ణి కూడా మోసం చేస్తున్న జాతి మనది.

ఇక ఆ మొక్కల జీవితం వినండి. మన కావ్యాలలో తుమ్మెద ఎప్పుడూ తామర చుట్టూ తిరుగుతుంది. మా పొలాల్లో నల్లని గండుతుమ్మెద తిరిగేది జిల్లేడు చుట్టూ. జిల్లేడు తన పుప్పొడిని పొడిగా రాల్చదు. జంట సంచులుగా కట్టి దాచుకుంటుంది. తేనె కోసం వాలిన తుమ్మెద కాలికి ఆ జంట తగులుకుంటుంది. అది మరో పువ్వులోని సన్నని చీలికలో సరిగ్గా దిగితేనే కాయ కడుతుంది. ఇంత నేర్పుతో పండిన కాయ పగిలితే, పట్టుకుచ్చులు కట్టుకున్న గింజలు గాలిలో ఊరేగుతాయి. ఆ ఆకుల మీదే నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. విషపు పాలున్న ఆకు తిని పెరిగిన ఆ పురుగును పిట్టలు ముట్టవు. బడి గోడ పక్కన ఇన్ని సంగతులు జరుగుతూంటే, నేను లోపల తుమ్మెద మీద పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పాను.

నేలలో దాగిన గింజల సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో కలుపు మొక్కల గింజలను ఇసుకతో కలిపి ఇరవై సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టాడు. ఆయన పోయాక శిష్యపరంపర ఆ పని కొనసాగిస్తోంది. 2021లో తవ్వితీసిన సీసాలోని గింజలు కొన్ని 142 ఏళ్ళ తరువాత మొలకెత్తాయి. మరో సీసాను 2040లో తీస్తారట. మన నల్లరేగడి పైపొర కూడా అటువంటి సీసాయే. ఏ తాత దున్నిన సాలులోనో రాలిన గింజ ఒక వాన కోసం కాచుకుని ఉంటుంది. కొమ్మ నరికితే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. ఆ పైమట్టినే గీకి పోసి, మీద కంకర పరిస్తే ఇక చిగురించేది ఏదీ ఉండదు.

"వీటివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగే పెద్దమనుషులకు చిరివేరు కథ చెబుతాను. మన కోస్తా ఇసుకనేలల్లో జానెడు ఎత్తు కూడా పెరగని మొక్క అది. దాని వేరులో ఎర్రరంగు ఉంది. పదిహేడో శతాబ్దంలో యూరపు ఎగబడి కొన్న మచిలీపట్నం కలంకారీ బట్టల ఎరుపు ఆ వేరుదే. కృష్ణ పల్లెపట్టు చిరివేరుకు, మన నిజాంపట్నం ప్రాంతపు వేరుకు ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వ్రాసిన గ్రంథం 1795లో వెలువడసాగింది. దాని మొదటి సంపుటంలోనే చిరివేరు బొమ్మ ఉంది, పక్కన తెలుగు పేరు ఉంది. 1868లో జర్మనీలో ఆ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. చిరివేరు మళ్ళీ పిచ్చిమొక్క అయిపోయింది. మొక్క మారలేదు, మన అవసరం మారింది. ఎక్కడినుంచో వచ్చిన దొర "దీన్నేమంటారు?" అని ఊరివాళ్ళను అడిగి వ్రాసుకున్నాడు. ఆ ఊరివాళ్ళ మనుమలం మనం, అడిగిన పిల్లవాడితో పారెయ్యమన్నాం.

అయినా ఉపయోగం ఉంటేనే బతకనిస్తాం అనడం నాకు సమ్మతం కాదు. ఆ తూకంలో పడితే పింఛను మీద బతికే నావంటి వాళ్ళం ముందు పోవాలి.

కలుపు తీయవద్దంటున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. చేలో గరిక, తుంగ పెరిగితే పంట పోతుంది. నేనూ రైతుబిడ్డనే. చేను రైతుది, కలుపు తీయడం అతని ధర్మం. గట్టు మీద కూడా కలుపు మందు కొట్టి పచ్చదనం మాడ్చడం ధర్మం కాదు, తెలివీ కాదు. పచ్చపురుగు మీద దాడి చేసే మిత్రపురుగులు ఎన్నో ఆ గట్టు పూల తేనె తాగి బతుకుతాయి. గ్లైఫోసేట్ వాడకంపై కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్షలు పెట్టింది ఊరికే కాదు. తెలంగాణ వైపు చూడండి. అక్కడ రాష్ట్రపుష్పం తంగేడు. బతుకమ్మలో తంగేడు పక్కన కూర్చునే గునుగు అచ్చమైన చేని కలుపు. ఒక జాతి తన పండుగను కలుపు పూల మీద నిలబెట్టుకుంది. ఆ మర్యాద మనమూ నేర్చుకోవచ్చు.

"పదేళ్ళు కళ్ళలో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిన రైతు ముందు గడ్డిమొక్కల కోసం కన్నీళ్ళా?" అని నా ఈడువాడే ఒకడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. 2019 డిసెంబరు నుంచి మా ఊరి శిబిరంలో కూర్చున్న ఆడవాళ్ళను చూసినవాణ్ణి. రాజధాని ఆగాలని నేను కోరడం లేదు. 2025 మే 2న పనులు మళ్ళీ మొదలైనప్పుడు అందరితోపాటు సంతోషించాను. అయితే ఆ రాజధానిని పచ్చని నగరమని చెప్పుకుంటున్నాం. ఫోస్టర్ సంస్థ పరిపాలనా నగరానికి గీసిన ప్రణాళికలో కనీసం అరవై శాతం పచ్చదనమూ నీరూ ఉంటాయన్నారు. ఏ పచ్చదనం? కార్పెట్టులా కత్తిరించిన గడ్డి, డివైడర్ల మీద కోనోకార్పస్ వరుసలా? ఆ కోనోకార్పస్‌ను నాటవద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. పరాయి తుమ్మను పీకి పరాయి కోనోకార్పస్‌ను నాటితే, కంపకు బదులు కంప పెట్టినట్టే.

కనుక నా కోరికలు నాలుగు. కొండవీటి వాగు ఒడ్డు, చెరువుగట్లు, నీరుకొండ వాలు, ప్రతి గ్రామంలో కొద్దిపాటి నేల ఇక్కడి మొక్కలకే వదిలేయండి. ఇంకా ఎక్కడైనా కంప తొలగించవలసి వస్తే ముందు జమ్మికి, నల్లతుమ్మకు, రేగుకు, ఈతకు గుర్తు పెట్టి ఆ తరువాత యంత్రాన్ని దింపండి. పునాది తవ్వే చోట పైమట్టిని తీసి కుప్పపోసి, ఉద్యానవనాలలో పరచండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామానికీ ఉండవలసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును బడిపిల్లల చేత, పశువులు కాసిన ముసలివాళ్ళ చేత మళ్ళీ వ్రాయించండి. వీటిలో ఏదీ ఒక భవనాన్ని ఒక్కరోజు ఆపదు.

మిత్రులకు ఒక మనవి. ఒకే మొక్కకు గుంటూరులో ఒక పేరు, రాయలసీమలో ఒకటి, తెలంగాణలో మరొకటి ఉంటాయి. ఇవేవీ నిఘంటువుల్లో లేవు, పెద్దవాళ్ళ నాలుకల మీద ఉన్నాయి. ఈ వారం మీ ఇంటి దగ్గర ఒక మొక్కను గుర్తించి, మీ ఊళ్ళో దాన్నేమంటారో అడిగి వ్రాయండి. "ఓషధివిశేషము" అని మాత్రం వ్రాయకండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. వాడి ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. అది ఉత్తరేణి, నాయనా.