యంత్రానికి సబ్సిడీ సరే, కందెన ఖర్చు ఎవరిది?

ఎడ్లబండి తోలిన రైతుకు కందెన గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కందెన లేకపోతే బండి ముందు కిర్రుమంటుంది, తర్వాత ఇరుసు అరుగుతుంది, చివరికి నడిదారిలో సరుకుతో సహా కూలబడుతుంది. ఈ చిన్న నిజం రైతుకు తెలుసు. రైతుల కోసం పథకాలు రాసే పెద్దలకు మాత్రం తెలిసినట్లు లేదు.

పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టిస్తామంటూ 2020లో కేంద్ర ప్రభుత్వం 6,865 కోట్ల రూపాయలతో పథకం తెచ్చింది. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం సబ్సిడీ ఇచ్చే మరో పథకం కూడా ఆ ఏడే వచ్చింది. పదివేలవ సంఘం ఏర్పడిందని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. పంటను పచ్చి సరుకుగా తెగనమ్ముకోవద్దు, పొడి కొట్టి, ప్యాకెట్టు కట్టి, మీ పేరుతో అమ్ముకోండి అని రైతుకు చెబుతున్నారు. మాట మంచిదే. దళారీ తినే వాటా రైతుకు దక్కాలని మేమూ కోరుకుంటున్నాం. అయితే ప్యాకెట్లు కట్టే మిషను కొనడం ఒక ఎత్తు, దాన్ని పదేళ్లు నడపడం పది ఎత్తులు. ఈ రెండో సంగతి ఏ అధికారీ ఎత్తడం లేదు.

తాళం పడిన షెడ్డు

పసుపు పండే ప్రాంతంలో ఒక సంఘం షెడ్డు చూడడానికి వెళ్లాం. తలుపుకు తాళం. తీయించి చూస్తే లోపల ప్యాకింగు మిషను మీద పట్టా కప్పి వుంది. దాని పక్కనే అచ్చువేసిన ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టలు దుమ్ముకొట్టుకుని వున్నాయి. సంఘం పెద్ద చెప్పిన మాట ఇది: "కొన్న యాడాది మంచిగనే నడిచిందన్నా. ఆ తర్వాత ఒకటి బాగు చేసుకుంటే ఇంకొకటి చెడిపోతది. మెకానిక్ పట్నం నుంచి రావాలె. ఆయన రానుపోను కిరాయి, ఉండే ఖర్చు మేమే పెట్టుకోవాలె. సామాను చిన్నదే, దాన్ని తెచ్చే ఖర్చే పెద్దది."

ఇది ఆ ఒక్క సంఘం గోడు కాదు. మిషను అమ్మినవాడు ఊరికి దూరం, బాగుచేసేవాడు ఊరికి దూరం, బ్యాంకు కిస్తీ మాత్రం గుమ్మం ముందే.

మిషను ఏమేమి తింటుంది?

ఈ మిషను పనితీరు తెలిస్తే ఖర్చు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ఫిల్మ్ చుట్ట విప్పుకుంటూ గొట్టంలాగా మడతపడుతుంది. వేడెక్కిన దవడలు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నొక్కి అతుకు వేస్తాయి. పైనుంచి మరలాంటి తిరుగుడు కమ్మి పొడిని కొలిచి దించుతుంది. కత్తి తెంపుతుంది. నిమిషానికి ఇరవై ముప్ఫై సార్లు ఇదే పని.

అందుచేత దవడల్లోని హీటర్లు కాలిపోతాయి. వాటిమీద వేసే టెఫ్లాన్ గుడ్డ చిరుగుతుంది. కత్తి మొద్దుబారుతుంది. పసుపు, కారం వంటి సన్నపొడి బేరింగుల్లో దూరి వాటిని తినేస్తుంది. పల్లెల్లో కరెంటు హెచ్చుతగ్గులకు కంట్రోలు కార్డులు మాడిపోతాయి. మూలనపడి వుంటే తేమకు తుప్పు, ఎలకలకు తీగలు. అంటే నడిచినా ఖర్చే, నడవకపోయినా ఖర్చే.

తూకం సంగతి మరీ ముఖ్యం. కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ప్యాకెట్టులో తూకం తగ్గితే కేసు సంఘం మీద పడుతుంది. పెరిగితే? 250 గ్రాముల ప్యాకెట్టులో 5 గ్రాములు ఎక్కువ పడుతున్నదనుకుందాం. కంటికి ఆనదు. కాని 4 లక్షల ప్యాకెట్లకు అది 2,000 కిలోలు, అనగా 20 క్వింటాళ్లు. కిలో వంద రూపాయలే అనుకున్నా 2 లక్షలు ఊరికే పోయినట్లు. కాటా సరిచూడడానికి వెనకాడిన సంఘం తన రైతు చెమటను దోసిళ్లతో పారబోసుకుంటున్నట్లే.

లెక్క వేసి చూద్దాం

మిషను ధర 6 లక్షలనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. 35 శాతం సబ్సిడీ 2 లక్షల 10 వేలు. మిగిలింది 3 లక్షల 90 వేలు. మరమ్మతులకు, విడిభాగాలకు ఏటా ధరలో 5 శాతం వేసుకుంటే 30 వేలు, పదేళ్లకు 3 లక్షలు. అంటే ప్రభుత్వం ఒకసారి ఇచ్చినదానికంటే మిషను పదేళ్లలో తినేది ఎక్కువ. పైగా ఈ ఖర్చు ఏటా ఒకేలా వుండదు. మొదట్లో తక్కువ, ముసలిదయ్యేకొద్దీ ఎక్కువ.

పదేళ్ల తర్వాత కొత్తది కొనాలంటే ఏటా 60 వేలు తరుగు కింద తీసిపెట్టాలి. సబ్సిడీ సొమ్ముకు తరుగెందుకని కొందరు లెక్కలవాళ్లు అంటారు. రెండోసారి సబ్సిడీ ఇస్తామని ఎవరైనా రాసిచ్చారా? నూటికి 10 రూపాయల చొప్పున మొదటి ఏడు వడ్డీ 39 వేలు. మూడూ కలిపితే లక్షా 29 వేలు. ఇందులో ఫిల్మ్, కరెంటు, కూలి లేవు.

ఇక అసలు కిటుకు ఇక్కడుంది. ఆ ఏడు సంఘం 100 టన్నుల పొడిని పావుకిలో ప్యాకెట్లు కడితే అవి 4 లక్షలు. ప్యాకెట్టుకు పడే ఖర్చు 32 పైసలు. 10 టన్నులే కడితే 40 వేల ప్యాకెట్లు. ఒక్కోదానికి 3 రూపాయల 22 పైసలు! మిషను అదే, మరమ్మతు అదే, భారం పదిరెట్లు. నిమిషానికి 30 చొప్పున రోజుకు 8 గంటలు నడిస్తే 10 టన్నులు మూడు రోజుల పని. మిగతా ఏడాదంతా మిషను కూర్చుని తింటుంది.

మూడు షిఫ్టులు నడిపే బడా కంపెనీకి ఈ బాధ లేదు. సొంత మెకానిక్కులు, గదినిండా విడిభాగాలు, కొల్లలుగా సరుకు. అంగడి బల్లమీద రెండు ప్యాకెట్లూ పక్కపక్కనే కూర్చుంటాయి. ఒకటి పైసలు మోస్తుంది, ఒకటి రూపాయలు మోస్తుంది. దీన్ని సమానమైన పోటీ అంటారా?

మూడేళ్ల ముచ్చట

పథకం కింద సంఘానికి నిర్వహణ సాయం మొత్తం 18 లక్షల వరకు. అదీ మూడేళ్లే. మిషనుకు గ్యారంటీ మామూలుగా ఏడాది. హీటర్లు, బేరింగులు, కార్డులు వరసగా అడగడం మొదలుపెట్టే వేళకు అటు గ్యారంటీ అయిపోతుంది, ఇటు సాయం ఆగిపోతుంది. జీతమిచ్చి పెట్టుకున్న మేనేజరూ వెళ్లిపోతాడు. సబ్సిడీ ఎక్కడికి పోయిందని చూస్తే మిషను అమ్మినవాడి అమ్మకం పెరిగింది, అధికారి రికార్డులో ఒక అంకె పెరిగింది. రైతు మీద బాకీ పెరిగింది. ఏనుగును కొనిచ్చి అంకుశం దగ్గర బేరమాడినట్లుంది ఈ వ్యవహారం.

గోనె మిల్లుల గుణపాఠం

మనకు ఇది కొత్త కథ కాదు. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం మెట్ట రైతులకు గోగు నగదు పంట. ఆ నారను నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు గోనె సంచులుగా నేసేవి. 1987లో పార్లమెంటు ధాన్యం, పంచదార వంటివాటికి జనపనార సంచులు తప్పనిసరి చేసే చట్టం కూడా చేసింది. అంటే అమ్మకానికి హామీ వుంది. అయినా చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల మిల్లు తెరవడం, మూయడం పదేపదే జరిగాయి. ఆరు మిల్లులతో 1980లో పెట్టిన జాతీయ జనపనార ఉత్పత్తుల కార్పొరేషన్‌ను మూసేయాలని 2018లో కేంద్రమే నిర్ణయించింది.

ప్లాస్టిక్ సంచుల పోటీ వుంది, యాజమాన్యాల తగాదాలూ వున్నాయి, కాదనం. కాని దేశంలో చాలా జనపనార మిల్లులు పాతకాలపు మగ్గాలతోనే ఈడ్చుకొచ్చాయన్నది బహిరంగ రహస్యం. మంచి రోజుల్లో లాభం తీసుకున్నవారు యంత్రానికి దాని వాటా పెట్టలేదు. చివరికి వీధినపడింది కార్మికుడు, పంట మానుకున్నది గోగు రైతు. సంచి నేసే యంత్రం ఆగితే చేలో పంట ఆగుతుందని ఉత్తరాంధ్ర అనుభవం చెబుతోంది.

ఏం చెయ్యాలి?

మిషనులు వద్దని మేమనడం లేదు. నడిచే మిషనులు కావాలంటున్నాం. మొదటిది, మిషను మంజూరుచేసే ప్రతి కాగితంలోనూ పదేళ్ల మరమ్మతు లెక్క వుండి తీరాలి. రెండోది, సబ్సిడీ అంతా అమ్మినవాడి చేతికే పోకుండా కొంత భాగం సంఘం పేర మరమ్మతు నిధిగా బ్యాంకులో వుంచాలి. మూడోది, విడిభాగాలు పదేళ్లు సరఫరా చేస్తామని, ఇన్ని రోజుల్లో మనిషిని పంపుతామని అమ్మేవాడు ఒప్పందం రాసివ్వాలి. వాడుక పుస్తకం తెలుగులో వుండాలి. నాలుగోది, జిల్లాకొక ఉమ్మడి మరమ్మతు కేంద్రం పెట్టి ఐటిఐ చదివిన మన పిల్లలకు ఈ పని నేర్పాలి. పట్నానికి పోయే చార్జీలు ఊళ్లో జీతాలవుతాయి.

సంఘాలు చేయవలసిందీ వుంది. సరుకు లేకుండా మిషను కొనవద్దు. పది సంఘాలు కలిసి ఒక మిషను పెట్టుకుంటే ప్యాకెట్టు భారం రూపాయల్లోంచి పైసల్లోకి దిగుతుంది. ప్యాకెట్టుకు కొన్ని పైసలు మొదటి రోజునుంచే విడిగా తీసిపెట్టాలి. రోజూ తుడవడం, వారానికోసారి కాటా సరిచూడడం, ఏది ఎప్పుడు మార్చారో పుస్తకంలో రాయడం అలవాటు కావాలి. ఎడ్లకు కుడితి పెట్టడం మరచిపోని రైతుకు ఇది కష్టం కాదు.

ఈసారి ఊళ్లోకి అధికారి వచ్చి కొత్త మిషను ఇప్పిస్తామన్నప్పుడు సబ్సిడీ ఎంత అని అడిగి ఊరుకోవద్దు. నాలుగో ఏడు ఇది చెడిపోతే ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు, డబ్బెవరిస్తారని సభలో లేచి అడగాలి. జవాబు కాగితం మీద రాసిచ్చాకే సంతకం పెట్టాలి.