మాట మరచిన పాప



ఏడాది వరకు చక్కగా ఆడుకొని, "అమ్మా", "తాతా" అని పిలిచిన ఆడపిల్ల ఒక్కొక్క మాటే విడిచిపెడుతుంది. చేతిలోని బిస్కెట్టు పట్టుకోలేకపోతుంది. ఆ తరువాత బట్టలు పిండినట్టు రెండు చేతులు నలుపుకొంటూనే ఉంటుంది. మన గోదావరిఖని క్వార్టర్లలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇట్టిది జరిగితే మొదట వినబడే మాటలు మీకు తెలియనివి కావు. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, తల్లి చేసిన పాపమంటారు. ఈ చివరి మాట సంఘస్థుల నోట కూడా వస్తున్నది గనుకనే మేము ఈ సంగతి వ్రాస్తున్నాము.

దీని పేరు రెట్ సిండ్రోమ్. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే వైద్యుడు, తన యొద్దకు వచ్చి కూర్చున్న ఇద్దరు బాలికలు ఒకే తీరున చేతులు నలుపుకోవడం గమనించాడు. 1966లో దానిని గూర్చి వ్రాశాడు. కారణం మాత్రం 1999లో తెలిసింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ హుదా జోగ్బీ బృందం ఒక జన్యువులో లోపాన్ని కనుగొన్నది. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ పేరు మెక్‌పి2.

దీని పని బొగ్గుబాయి కుటుంబాలకు తేలికగానే అర్థమవుతుంది. షిఫ్టు మొదట్లో సర్దార్ ఎవరు ఎక్కడ పని చేయాలో, ఏ చోట ఆపాలో చెబుతాడు గదా! మెదడు కణంలో వేల జన్యువులున్నాయి. అన్నీ ఒక్కసారే పని చేయరాదు. మెక్‌పి2 డి.ఎన్.ఎ. మీద మిథైల్ గుర్తులున్న చోట అతుక్కొని, ఏ జన్యువు ఎంత పని చేయాలో అదుపు చేస్తుంది. ఆడపిల్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒక్కో కణంలో వాటిలో ఒకటే పని చేస్తుంది. గనుక ఆమె మెదడులో కొన్ని కణాలకు సర్దార్ ఉన్నాడు, కొన్నింటికి లేడు. మగపిల్లవానికి ఎక్స్ ఒక్కటే గనుక లోపం మరింత తీవ్రంగా ఉంటుంది.

సుమారు పదివేల మంది ఆడశిశువులలో ఒకరికి ఇది వస్తుంది. నూటికి 99 కుటుంబాలలో ఇది వంశంలో ఉన్నది కాదు, క్రొత్తగా ఏర్పడిన లోపం. అదియును ఎక్కువగా తండ్రి వీర్యకణం తయారయ్యే వేళ జరుగుతుంది. (తండ్రిని నిందించమని కాదు, కోడలిని అనే అత్తగారికి ఈ సంగతి తెలియాలని!) పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వానిదీ కాదు వాని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను 9వ అధ్యాయంలో మనం చదివినదే.

ఈ జబ్బులో మెదడు కణాలు చచ్చిపోవు. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, జబ్బుపడిన ఎలుకలలో ఆ జన్యువును మరల పని చేయించగా అవి చాలామట్టుకు కోలుకున్నవి. సర్దార్ వచ్చాడు, పని మొదలైంది. మనుష్యులకు అట్టి చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉన్నది. 2023లో అమెరికాలో ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది కొన్ని లక్షణాలను తగ్గిస్తుందే గాని జబ్బును పోగొట్టదు.

కాబట్టి తాయెత్తులకు డబ్బు పెట్టవద్దు. మూర్ఛలకు మందు, వెన్నెముక వంగకుండా వ్యాయామం, మ్రింగడం కష్టమైతే మెత్తని ఆహారం అవసరం. ఈ పిల్లలు కళ్లతో మాట్లాడతారు. రెండు వస్తువులు ఎదుట పెట్టి అడగండి, కావలసిన దానివైపు చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల నిమిత్తం 1984లో స్థాపించిన కేంద్ర సంస్థ ఉన్నది. జన్యు పరీక్ష ఎక్కడ చేయించాలో పిల్లల నరాల వైద్యుని అడగండి. మరొక బిడ్డను కోరేవారు ముందుగా తల్లికి కూడా ఆ పరీక్ష చేయించడం మంచిది.

రామగుండంలో రైలెక్కే ముందు, పాప మాట్లాడిన రోజుల ఫోన్ వీడియోలు ఉంటే దగ్గర పెట్టుకోండి. ఏ నెలలో ఏ మాట పోయిందో కాగితం మీద వ్రాసుకొని తీసుకువెళ్లండి.