నాలుగో తరగతి పిల్లకు తొమ్మిది పరీక్షలు

క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి సీటు కావాలంటే పిల్లలు తొమ్మిది పరీక్షలు దాటాలి. ఎత్తు చూస్తారు, బరువు తూస్తారు. ముప్ఫై మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ పరుగు, నిలబడ్డ చోటి నుంచి ముందుకు దూకడం, నిలబడ్డ చోటే పైకి ఎగరడం, పది మీటర్ల గీతల మధ్య ఆరుసార్లు అటూ ఇటూ ఉరికే షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, నడుం ఎంతవరకు వంగుతుందో చూడటం, చివరికి ఎనిమిది వందల మీటర్ల పరుగు. హైదరాబాద్ శివారులోని హకీంపేట పాఠశాలది ఈ పద్ధతి. కడప పక్కన పుట్లంపల్లిలో ఉన్న క్రీడా పాఠశాలా ఇంచుమించు ఇదే దారిలో పిల్లలను ఎంచుకుంటోంది. గోడకు టేపు, పక్కన తూకం మిషన్, పీఈటీ చేతిలో స్టాప్‌వాచ్. ఆ పూట పలికిన అంకెలే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్ల ఆటకు పనికొస్తుందో రాదో తేల్చేస్తాయి.

ఆ పరీక్షలు అవసరమే. కాలి వేగం, ఒంటి సత్తువ చూడకుండా ఏ కోచ్ అయినా పిల్లలను ఎలా ఎంచుకుంటాడు? చిక్కంతా ఆ తర్వాతే. అంకె తక్కువొచ్చిన పిల్లను మళ్ళీ పిలిచి చూసేవాళ్ళు అరుదు. సీటు దొరికిన పిల్ల కూడా హాస్టల్లో మొదటి ఏడాది వెనకబడితే చాలు, తీసుకోవడమే పొరపాటన్న మాట పుడుతుంది. కరువు నేల మీద ఈ తొందరకు చెల్లించే ఖరీదు చాలా ఎక్కువ. అనంతపురంలో సెలక్షన్ రోజు అంకె పిల్ల ఆట గురించి ఎంత చెబుతుందో, ఆ ఇంటి తిండి గురించి అంతకంటే ఎక్కువ చెబుతుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన ఇక్కడిది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్యానివి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. శెనక్కాయ చేను ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ ఏడు అంతే. కళ్యాణదుర్గం, కుందుర్పి, రాయదుర్గం పల్లెల నుంచి అమ్మానాన్నలు బెంగళూరుకు పనులకు పోతారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆ రోజు కొలిచిన పసివాళ్ళే ఇప్పుడు సెలక్షన్ల వరుసలో నిలబడే వయసుకు వచ్చారు.

తిండి చాలని ఒంట్లో యుక్తవయసు ఎదుగుదల ఆలస్యంగా మొదలవుతుంది. పుట్టిన సంవత్సరం ఒకటే అయినా పన్నెండు, పదమూడేళ్ళ వయసులో ఇద్దరు పిల్లల ఎముకల మధ్య, కండల మధ్య రెండు మూడేళ్ళ తేడా ఉండవచ్చు. పాలూ గుడ్లూ తిన్న పట్నం కుర్రాడికి మీసకట్టు వచ్చే వేళకు, పల్లె కుర్రాడి ఒళ్ళు ఇంకా ముదరదు. ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ వేస్తే ఎవరు ముందు చేరతారో చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. ఐదేళ్ళ తర్వాత ఎవరు బాగా ఆడతారో మాత్రం ఆ పరుగు చెప్పదు.

దానికితోడు సెలక్షన్లు జరిగే కాలం ఒకటుంది. కొత్త విద్యా సంవత్సరానికి చేర్చుకోవాలి కాబట్టి అవి ఎక్కువగా వేసవిలోనే పెడతారు. ఏప్రిల్ చివర్లో బడులు మూతపడి జూన్ రెండో వారం దాకా తెరవరు. బడి మూతపడితే మధ్యాహ్న భోజనం ఉండదు, వారంలో వచ్చే కోడిగుడ్లూ ఉండవు. ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ రోజుల్లోనే, పిల్ల ఒంట్లో శక్తి ఏడాది మొత్తం మీద తక్కువగా ఉండే వారాల్లోనే, ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తమంటున్నాం. పుట్టిన తేదీల సంగతి సరేసరి. బడిలో వేసిన రోజు అయ్యవారికి తోచిన జూన్ తేదీనే పుట్టిన రోజైన పిల్లలు పల్లెల్లో లెక్కలేనంత మంది. నెలల తేడా ఎంత బలంగా పనిచేస్తుందో కెనడా ఐస్ హాకీ జట్లను చూసి రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లోనే చూపింది. వయసు లెక్కకట్టే జనవరి గీతకు దగ్గరగా పుట్టిన పిల్లలే ఆ జట్లలో ఎక్కువమంది తేలారు. మన పల్లె బడి రిజిస్టర్‌లో నిజమైన నెలే ఉండదు కాబట్టి, ఆ తేడాను సరిచేసే వీలు కూడా లేదు.

కొత్తగా చేర్చుకున్న ఆటగాడిని ఎలా తూచాలన్న ఇదే ప్రశ్న మీద అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోట్ల డాలర్లు ఖర్చు పెడుతోంది. మన ఫుట్‌బాల్ కాదది, కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి చేత్తో పట్టే ఆట. అందులో వైడ్ రిసీవర్ అనేవాడు మైదానం అంచున నిలబడి, ఎదుటి జట్టువాడిని తప్పించుకుని పరుగెత్తి, గాలిలో వచ్చే బంతిని అందుకోవాలి. హైస్కూల్లో ఉండగానే వాళ్ళకు ఐదు దాకా నక్షత్రాలు వేస్తారు. కాలేజీ దాటి ప్రొఫెషనల్ లీగ్‌కు పోయేటప్పుడు నలభై గజాల పరుగు తీయిస్తారు. 2017లో జాన్ రాస్ దాన్ని 4.22 సెకన్లలో ముగించి అప్పటి రికార్డు కొట్టాడు, సిన్సినాటి జట్టు అతణ్ణి తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. గాయాలూ తోడై, ఆ వేగానికి తగ్గ ఆట అతని నుంచి రాలేదు. అదే ఏడాది ఎంపికల మూడో రౌండ్‌లో వచ్చిన కూపర్ కప్‌ను హైస్కూల్ రోజుల్లో పెద్ద విశ్వవిద్యాలయాలేవీ పట్టించుకోలేదు. 2021 సీజన్లో పట్టిన బంతులు, సాధించిన గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు. ఈ పరుగులూ దూకుళ్ళూ తర్వాతి ఆటను ముందే చెబుతాయా అని 2008లో కుజ్మిట్స్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీస్తే, రిసీవర్ల విషయంలో నిలకడైన సంబంధమే కనిపించలేదు. బంతిని పట్టే వేలు, ఎదుటివాడి నడుం ఎటు తిరుగుతుందో పసిగట్టే కన్ను స్టాప్‌వాచ్‌కు చిక్కవు మరి.

ఆ కథలో మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. అక్కడి కాలేజీల్లో రెడ్‌షర్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. కొత్తగా చేరినవాడిని ఒక ఏడాది పోటీల్లోకి పెద్దగా దించకుండా జట్టుతోనే ఉంచుతారు. తిండి పెడతారు, సాధన చేయిస్తారు, చదివిస్తారు, ఆడే నాలుగేళ్ళ లెక్కలోంచి ఆ ఏడాదిని కోయరు. కూపర్ కప్ 2012లో ఈస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆ ఏడాదిని అలాగే గడిపాడు. తర్వాతి నాలుగేళ్ళలో కాలేజీ రికార్డులు అతని పేరు మీదికి వచ్చాయి. ఒంటికి ఎదిగే వ్యవధి దొరికాకే ఆటను తూచడం ఇందులోని కిటుకు. రోజూ మాంసం తినే దేశంలోనే కొత్తవాడికి ఒక ఏడాది అక్కరైతే, సంగటి ముద్ద మీద పెరిగిన పిల్లకు ఎన్నేళ్ళు ఇవ్వాలి?

అనంతపురానికి మైదానాల కొరత లేదు, అది ఈ జిల్లా చేసుకున్న పుణ్యం. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ, నగరం పక్కనే క్రీడా గ్రామాన్ని కట్టింది. 2010 అక్టోబరులో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి అక్కడ తన ఫౌండేషన్ టెన్నిస్ బడిని మొదలుపెట్టాడు. రాకెట్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పే బడి అది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు చాలావరకు ఇక్కడే జరిగితే, జనం గట్ల మీద కూర్చుని టెస్టు ఆటగాళ్ళను కళ్ళారా చూశారు.

ఈ గడ్డ మీద తయారైన క్రికెటర్ బారెడ్డి అనూష. ఊరు నార్పల మండలంలోనిది. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది అదే మండలంలోని బండ్లపల్లిలో. కరువుకు అంత గుర్తింపు ఉన్న చోటు అది. ఎడమచేతి స్పిన్ వేసే అనూష ఆర్డీటీ అకాడమీలో సాధన చేసి, 2023 జులై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత మహిళల టీ20 జట్టు టోపీ పెట్టుకుంది, వారం తిరగ్గానే వన్డే కూడా ఆడింది. ఎడమచేతి స్పిన్నర్‌ను నిలబెట్టేది వేలి మలుపు, బంతి ఎక్కడ పడాలో తెలిసిన ఓపిక. మెడిసిన్ బాల్ ఎంత దూరం పోయిందన్న లెక్కలో ఆ రెండూ కనిపించవు.

పక్క జిల్లా శ్రీచరణి సంగతి ఇంకా స్పష్టం. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె పిల్ల. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడింది, పరుగు పందేలకు వెళ్ళింది. పదహారేళ్ళ వయసు దగ్గరగానీ క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. పట్టుకున్నాక కూడా మొదట వేసింది ఫాస్ట్ బౌలింగ్, తర్వాతే స్పిన్‌కు మారింది. 2025 ఏప్రిల్‌లో తొలి వన్డే ఆడింది. ఆ నవంబరు 2న నవీ ముంబయిలో భారత్ మహిళల ప్రపంచకప్ ఎత్తేసరికి ఆ టోర్నీలో ఆమె ఖాతాలో 14 వికెట్లు ఉన్నాయి. పదేళ్ళకే క్రికెట్ పరీక్ష పెట్టి "రాదు" అని రాసేసి ఉంటే? లేదా పదిహేనేళ్ళు దాటాక కొత్త ఆట ఏమిటని తలుపు వేసేసి ఉంటే? ఆమె ఒక్కతే అదృష్టవంతురాలని సరిపెట్టుకోవడానికి లేదు. జర్మన్ పరిశోధకుడు ఆర్నె గూలిక్, సహచరులు 2021లో ప్రచురించిన పెద్ద విశ్లేషణ ప్రపంచ స్థాయి పెద్దల ఆటగాళ్ళలో ఇదే తీరు చూపింది. వాళ్ళు చిన్నతనంలో పలు ఆటలు ఆడారు, అసలు ఆటలోకి ఆలస్యంగా వచ్చారు, మొదట్లో నెమ్మదిగా ఎదిగారు. పిల్లప్పుడే మెరిసిపోయినవాళ్ళది వేరే తీరు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. స్టాప్‌వాచ్‌కు సిఫారసు పనిచేయదు. ఎమ్మెల్యే ఫోన్ చేసినా ముప్ఫై మీటర్లు ముప్ఫై మీటర్లే. ఆట తెలివి, నేర్చుకునే గుణం అని కోచ్ చూపుకు వదిలేస్తే, సీటు ఎవరి పిల్లలకు పోతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. క్రీడా కోటాలో ఉద్యోగాలు, సీట్లు ఉన్నప్పుడు ఆ భయం న్యాయమైనదే. పేద పిల్లకు అంకె ఒక కాపుదల. ఆ కాపుదలను తీసేయమని అడగడం లేదు. ఇప్పుడు ఒక్కసారి తీసుకుంటున్న అంకెను మూడుసార్లు తీసుకోమని అడగాలి. జూన్‌లో ఒకసారి, హాస్టల్ తిండి తిన్న ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి. ఎంత ఉందన్న దానితో పాటు ఎంత పెరిగిందన్నదీ మార్కే కావాలి. షటిల్ రన్‌లో వెనకబడిన పిల్ల ఏడాదిలో సెకను తగ్గించుకుందంటే, ఆ మార్పును ఏ సిఫారసూ తయారు చేయలేదు.

ఖర్చూ పెద్దది కాదు. ఎదుగుదల ఏ దశలో ఉందో అంచనా వేయడానికి ఎముకల ఎక్స్‌రేనే తీయించనక్కర్లేదు. నిలుచున్న ఎత్తుతో పాటు ఎత్తుపీట మీద కూర్చోబెట్టి కూర్చున్న ఎత్తు కొలిచి, వయసు, బరువు కలిపి లెక్కగట్టే సూత్రాన్ని 2002లో కెనడా పరిశోధకులు ఇచ్చారు. కొంత అటూ ఇటూ అవుతుంది, వయసు సరిగా తెలియని చోట ఇంకా జాగ్రత్తగా వాడాలి. అయినా కళ్ళు మూసుకుని పోల్చడం కంటే మేలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు పిల్లలను వయసు పక్కన పెట్టి ఎదుగుదల దశను బట్టి జట్లు కట్టి ఆడించి చూశాయి. అలా ఆడినప్పుడే చిన్న ఒళ్ళున్న పిల్లవాడి పాస్, కదలిక కోచ్ కంట్లో పడతాయి.

ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయని అనలేం. 2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి దాకా రాష్ట్రమంతా ఆడుదాం ఆంధ్రా పోటీలు జరిగాయి. గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి విశాఖ ఫైనల్ దాకా గెలిచిన జట్లు పైకి పోయాయి, ఓడిన జట్టులోని మంచి ఆటగాడు జట్టుతో పాటే ఇంటికి పోయాడు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన కీర్తి పథకం 9 నుంచి 18 ఏళ్ళ పిల్లలను పరీక్షించి చూస్తానంటోంది. ఆ వయసు పరిధి మంచిది, ఒకే పిల్ల పదేళ్ళప్పుడూ పదిహేనేళ్ళప్పుడూ రావచ్చు. ఆ పరీక్ష ఉరవకొండ దాకా, బెళుగుప్ప దాకా రావాలి. పిల్లను వెంటబెట్టుకుని నగరానికి పోతే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం.

అన్నిటికంటే ముందు, తొమ్మిదో తరగతి దగ్గర రెండో తలుపు తెరవాలి. నాలుగో తరగతిలో సీటు రాని పిల్లలకూ, అసలు దరఖాస్తే చేయని పిల్లలకూ కొన్ని సీట్లు అక్కడ విడిగా ఉంచాలి. చేరిన పిల్లను మొదటి ఏడాది ఆట సరిగా లేదని వెనక్కి పంపకూడదన్న నియమం రాతపూర్వకంగా ఉండాలి. హాస్టల్లో కొత్త పిల్లకు ఇంటి బెంగే మూడు నెలలు తినేస్తుంది, నిద్ర సరిగా పట్టదు, మెస్ తిండి ఒంటికి పట్టడానికి టైం పడుతుంది. ఆ మూడు నెలల ఆటను లెక్కలోకి తీసుకోవడం అన్యాయం. సెలక్షన్లను వేసవి నుంచి జరపలేకపోతే, కనీసం పరీక్షకు ముందు పదిహేను రోజులు మండల కేంద్రంలో పిల్లలకు రెండు పూటలా భోజనం పెట్టి శిబిరం నడపవచ్చు. పోయిన ఏడాది నాలుగైదు మార్కుల తేడాతో ఆగిపోయిన పిల్లల జాబితా కార్యాలయాల్లో ఉండే ఉంటుంది. వచ్చే జూన్‌లో కొత్త దరఖాస్తులు తీసుకునే ముందు, ఆ పాత జాబితాలోని పిల్లలను పిలిచి టేపు మళ్ళీ పట్టాలి.