సంపాదకుని మాట: రెండు దినముల సెలవు

రెండవ ప్రపంచయుద్ధపు చరిత్రలు సేనానుల వ్యూహములను, నౌకల సంఖ్యలను విస్తరించి చెప్పునే కాని, ఇరువది యేండ్లైన నిండని యొక నావికుడు శనివారము మధ్యాహ్నము సెలవుచీటి జేబులో నుంచుకొని, న్యూయార్కు నగరమున పెన్సిల్వేనియా స్టేషనులో రైలు దిగి, ఎటు పోవలెనో తోచక నిలిచిన క్షణమును గూర్చి అవి సాధారణముగా మౌనము వహించును. ఆ మౌనమును కొంతయైన తొలగింపవలెనను తలంపుతోనే ఈ సంచికను కూర్చితిమి.

ఆ కుర్రవాని చేతిలోని సొమ్ము స్వల్పము. అయిదు సెంట్లకే సబ్‌వే రైలు నగరమంతయు త్రిప్పెడిది. తీరమందలి నౌకలు నగరకాంతిలో శత్రు జలాంతర్గాములకు స్పష్టముగా కానవచ్చునను భయముచే 1942లో టైమ్స్ స్క్వేర్ దీపములను తగ్గించిరి. ఆ యేడే మార్చి 2వ తేదీన నాటకరంగమువారు 44వ వీధిలోని యొక నాటకశాల నేలమాళిగయందు స్టేజ్ డోర్ క్యాంటీనును తెరచిరి. అచ్చట భోజనము ఉచితము, మద్యము నిషిద్ధము. వెండితెరపై మాత్రమే చూచియెరిగిన తారలు స్వయముగా వచ్చి వడ్డించిరి. సైన్యమున నల్లవారిని వేరు దళములలో నుంచిన ఆ కాలమున, ఈ ద్వారము వారికిని తెరచియే యుండెను. నల్లవారును తెల్లవారును ఒకే నేలపై నర్తించిరి. ఆ యుద్ధకాలపు ఘనవిజయములలో దీనినిగూడ లెక్కింపవలెనని మా దృఢాభిప్రాయము.

ఆదివారము రాత్రికి సెలవు తీరెడిది. తిరుగురైలెక్కిన వారిలో ఎందరో మరల ఆ నగరమును చూడలేదు.

పాఠకుల యిండ్లలో ఆ మహాయుద్ధమునకు వెళ్లిన మన తెలుగు సైనికుల ఉత్తరము లున్నచో, వాని నకళ్లను మాకు పంప ప్రార్థన.