ఊరే రంగస్థలము

గ్రీకు నాట్యదర్శకుడు దిమిత్రిస్ పాపయోఆన్ను 1964లో ఏథెన్సున జన్మించి, తొలుత చిత్రలేఖనము నభ్యసించెను. 1986లో నెలకొల్పిన నాట్యబృందమునకు ‘ఎదాఫోస్’ అని పేరిడెను, అనగా నేల. 1993లో మెదేయా అను పురాణనాయిక గాథను నృత్యనాటకముగా మలచెను. 2004 ఏథెన్సు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమునకు రూపకల్పన చేసెను. మాటకంటె దేహమే ఆయనకు భాష.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పదునెనిమిది దినములు సాగు భారత మహోత్సవములను చూచినవారి కిది తెలియును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జున వేషధారి నిలువెత్తు మ్రాను నెక్కి తపస్సు చేయును. కడపటి దినమున నేలపై మట్టితో తీర్చిన మహాకాయుడగు దుర్యోధనుని చుట్టును, మీదను భీమసుయోధనులు గదలతో తలపడుదురు. ద్రౌపది కురులు ముడుచుకొనును. అచట ప్రేక్షకులకు వేరు చోటు లేదు; ఊరే రంగస్థలము.

గ్రీకు దర్శకుని కృషికి చిత్రములు, వ్యాసములు కలవు. మన వీధినాటకపు గురువుల అడుగులు, రాగములు వారి దేహములయందే కలవు. గురువు గతించిన నవియు గతించును. తరగతిలో భారతపద్యము బోధించు ఉపాధ్యాయులు వేసవిలో విద్యార్థులను వెంటగొని ఆ ఆట చూడవలెను. గురువు నడిగి వ్రాసికొనవలెను. పద్యము పుస్తకములో నిలిచినది. ఆటను నిలుపుట మన వంతు.