జెల్డా చేతికి మంచం

మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు, నేను బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూసేది. ఓ రోజు "నాన్నా, ఆ అబ్బాయి పేరు జెల్డానా?" అని అడిగింది. కాదమ్మా, వాడు లింక్, జెల్డా అంటే రాకుమారి, కోటలో ఉంటుంది అన్నాను. "మరి ఆటకి ఆ అమ్మాయి పేరెందుకు పెట్టారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. చివర్లో వస్తుందిలే అని తప్పించుకున్నాను.

ఆ ప్రశ్నకి నింటెండో వాళ్ళు 2024 సెప్టెంబర్ 26న జవాబిచ్చారు. ఆట పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఎకోస్ ఆఫ్ విజ్డమ్'. 1986లో మొదలైన వరుస ఇది. 38 ఏళ్ళకి గానీ ప్రధాన ఆటల్లో జెల్డా పాత్రని మన చేతికివ్వలేదు. (90ల్లో ఫిలిప్స్ సీడీ-ఐ మీద జెల్డాతో ఆడే ఆటలు వచ్చాయి గానీ, అవి నింటెండో తయారు చేసినవి కావు. వాటి గురించి మాట్లాడకపోవడమే మర్యాద. 2009లో డీఎస్ మీద వచ్చిన స్పిరిట్ ట్రాక్స్ లో ఆవిడ ఆత్మగా మారి వెంట వస్తుంది, అంతే.) మా ఇంటికి కాస్త ఆలస్యంగా చేరింది. రెండు వారాంతాలు ఆడాను, ఇంకా చాలా ఉంది. కాబట్టి ఇవి తొలి అభిప్రాయాలే. ముందు ముందు మారొచ్చు.

మొదలు మాత్రం భలే పెట్టారు. ఎప్పట్లాగే లింక్ గా మొదలెడతాం. గానన్ తో కొట్లాట, స్ఫటికంలో బందీగా రాకుమారి. ఇంతలో నేల చీలి లింక్ ని మింగేస్తుంది. పోతూ పోతూ వాడేసిన బాణానికి స్ఫటికం పగిలి జెల్డా బయటపడుతుంది. అక్కడినుంచి ఆట ఆవిడది. ఇంటికెళ్తే జైల్లో పెడతారు, అది వేరే సంగతి.

జైల్లో ట్రై అనే బుల్లి ప్రాణి ఓ కర్ర ఇస్తుంది. దాంతో కనపడ్డ వస్తువుని నకలు తీసుకుని, కావలసిన చోట ప్రతిష్ఠించొచ్చు. వాటినే ఎకోలు అంటారు. బల్ల, పెట్టె, పాత మంచం.. ఇవీ మొదటి ఆయుధాలు! తర్వాత రాక్షసుల్ని కూడా నకలు తీయొచ్చు. ఒకేసారి ఎన్ని పెట్టొచ్చో లెక్కుంది. అది దాటితే అన్నిటికన్నా పాతది మాయమైపోతుంది. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, అచ్చంగా క్యూ. మంచాల మీద మంచాలెక్కి ఇంకోటి పెట్టబోతే అడుగున ఉన్న మంచం ఎగిరిపోయి దబ్బున కిందపడ్డప్పుడు బాగా అర్థమవుతుంది :)

నాకు నచ్చిందల్లా ఏంటంటే, మన మోటు పరిష్కారాన్ని కూడా ఈ ఆట ఒప్పుకుంటుంది. పాత ఆటల్లో చిక్కుముడికి ఒకటే తాళం. తయారు చేసినవాడు ఏమనుకున్నాడో కనిపెట్టాలి. ఇక్కడ గోడ అడ్డొస్తే మంచాలు పేరుస్తాను, పనైపోతుంది. వాళ్ళు అనుకున్న దారి వేరే ఉందని తెలుస్తూనే ఉంటుంది. అయినా ఎవడూ కోడ్ రివ్యూలో పట్టుకోడు. ఇక చిక్కల్లా నాతోనే. పనిచేసే హ్యాక్ ఒకటి దొరికాక ఇంకోటి వెతకను. అన్నిటికీ మంచమే. మా అమ్మాయి అలా కాదు. కొత్త ఎకో దొరికితే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా పెట్టి చూస్తుంది.

అన్నట్టు ఈ ఆట పుట్టుక మనవాళ్ళకి నచ్చుతుంది. మొదట్లో ఆటగాళ్ళే డంజన్లు కట్టుకునేలా తయారు చేశారట. ఏడాది గడిచాక నిర్మాత అవొనుమా చూసి, ఇలా కాదు, ఆ నకళ్ళతోనే సాహసం నడపండి అని బల్ల తిరగేశారట. ఏడాది తర్వాత రిక్వైర్‌మెంట్ మారడం మనకే అనుకున్నాను. దర్శకురాలు తొమోమి సానో, ఈ వరుసకి తొలి మహిళా దర్శకురాలు. గ్రెజ్జో అనే సంస్థ కలిసి పనిచేసింది. 2019లో లింక్స్ అవేకెనింగ్ ని కొత్తగా చేసిందీ వీళ్ళే. ఆ బొమ్మల కొలువు లాంటి అందం ఇక్కడా ఉంది.

ఇక తిట్లు. మొత్తం 127 ఎకోలు. వాటిని ఎంచుకోడానికి ఒకే ఒక్క పొడుగాటి వరస! అటూ ఇటూ జరుపుకుంటూ వెతుక్కోవాలి. ఎక్కువ వాడినవి ముందు, ఈమధ్య వాడినవి ముందు అని సర్దుకోవచ్చు గానీ, నాకిష్టమైన నాలుగింటిని పక్కన పెట్టుకునే ఏర్పాటు లేదు. మన దగ్గర ఫ్రెషర్ ఎవడైనా ఇలాంటి తెర చేసి తెస్తే వెనక్కి పంపిస్తాం. పాత స్విచ్ లో అక్కడక్కడా తడబడుతుంది కూడా. స్విచ్ 2 ఉన్నవాళ్ళకి 2025 జూన్ లో ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్ తో నయమైంది, మా ఇంట్లో మాత్రం పాతదే.

కానీ నాకు అసలు గుచ్చుకున్నది కత్తి. మొదటి డంజన్ లోనే లింక్ కత్తి జెల్డాకి ఇచ్చేస్తారు. ఓ బటన్ నొక్కితే కాసేపు ఆవిడ లింక్ లా కొట్లాడుతుంది. శక్తి అయిపోతే మళ్ళీ మామూలే. పరిమితంగా ఇచ్చారు కదా, తప్పేంటి అంటారేమో. తప్పని కాదు, అపనమ్మకం. రాక్షసుల్ని పంపి వెనక నించోవడం నెమ్మదిగా సాగుతుంది, నిజమే. విసుగొస్తుంది కూడా. ఆ విసుగుని అక్కడే బాగుచేయాలి గానీ, పాత వీరుడి కత్తి తెచ్చి అతికించడమేంటి? 38 ఏళ్ళు ఆగి ఆట ఇచ్చారు, మూడు గంటలైనా ఆగలేకపోయారు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. కత్తి దొరికినప్పుడు మాత్రం "ఇది ఉంటే ఇంక మంచాలెందుకు నాన్నా?" అంది. నాకు భయమేసింది, ఇది కూడా కత్తి పట్టుకుని పరిగెడుతుందేమోనని.

నిన్న రాత్రి అది పడుకున్నాక దాని సేవ్ తెరిచి చూశాను (తప్పే, తెలుసు). జెరూడో ఎడారికి వెళ్ళిపోయింది, నేనింకా జాబుల్ నీళ్ళ దగ్గరే ఉన్నాను. కత్తి శక్తి నిండుగా ఉంది. ఎక్కువ వాడినవి ముందు అని సర్ది చూస్తే, మంచం ఎక్కడో వెనకుంది. మొదట్లో ఉన్న నాలుగింట్లో రెండు నా దగ్గర అసలు లేనే లేవు. ఎక్కడ దొరికాయో పొద్దున్నే అడగాలి, చెప్తుందో లేదో.