పదో తరగతి దగ్గర ఆగిపోతున్న తెలుగు దారి

2025 వేసవిలో మహారాష్ట్ర అంతటా బడి భాషల మీద పెద్ద చర్చే జరిగింది. మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమ బడుల్లో ఒకటో తరగతి నుంచే హిందీని మూడో భాషగా నేర్పాలని ప్రభుత్వం ఏప్రిల్ 16న ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 17న దాన్ని సవరించింది. వ్యతిరేకత ఆగకపోవడంతో జూన్ 29న రెండు ఉత్తర్వులనూ వెనక్కి తీసుకుని, నరేంద్ర జాధవ్ అధ్యక్షతన కమిటీ వేసింది. చిన్న పిల్లలు మూడు భాషల బరువు మోయగలరా అన్నదే ఆ చర్చంతా.

చంద్రపూర్ జిల్లాలోని తెలుగు బడుల పిల్లలు ఆ బరువును ఎప్పటినుంచో మోస్తున్నారు. తెలుగు మాధ్యమ భాష, మరాఠీ రాష్ట్ర భాష, ఇంగ్లీషు అందరికీ తప్పనిది. 2020 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలోని అన్ని బడుల్లోనూ మరాఠీ నేర్పి తీరాలి. అది సబబే. ఈ గడ్డ మీద బతికేవాళ్లకు ఈ గడ్డ భాష రావాలి. మన అసలు సమస్య ఒకటో తరగతిలో లేదు, పదకొండో తరగతిలో ఉంది. బాలభారతి మనకు తెలుగు పాఠ్యపుస్తకాలు ఇస్తోంది. పదో తరగతి బోర్డు పరీక్ష తెలుగులో రాయవచ్చు. ఆ మరుసటి జూన్‌కు తెలుగు దారి ఆగిపోతుంది. పదకొండు, పన్నెండు తరగతుల్లో తెలుగు మాధ్యమం లేదు. సైన్సు తీసుకుంటే పాఠాలన్నీ ఇంగ్లీషే. ఐటీఐలో చేరితే వర్క్‌షాపులో వినిపించేది మరాఠీ, హిందీ. పదేళ్లు ఒక భాషలో ఆలోచించిన పిల్లవాడు ఒక్క వేసవిలో మరో భాషలోకి దూకాలి.

మన పెద్దల కాలంలో ఈ దూకుడు అవసరం పడలేదు. 1945లో బల్లార్‌పూర్ కాగితం మిల్లు వచ్చింది. బొగ్గు గనులు జాతీయమయ్యాక 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు భూగర్భ గనుల్లో, మిల్లులో పనికి కుదిరాయి. రాజురా తాలూకా అయితే హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా భాగంగానే ఉండేది. ఒంట్లో బలం, తెలిసినవాళ్ల మాట సాయం ఉంటే ఉద్యోగం దొరికే రోజులవి. ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల్లో పని యంత్రాలదే, చాలాచోట్ల కాంట్రాక్టర్లదే. 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రంలో, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ సిమెంటు కర్మాగారాల్లో అడిగేది ఐటీఐ సర్టిఫికెట్ లేదా డిప్లొమా. తండ్రికి చదువు లేకుండా దొరికిన పనికి కొడుకు దగ్గర ఇప్పుడు కాగితం అడుగుతున్నారు. ఆ కాగితానికి దారి పదో తరగతి తర్వాతే మొదలవుతుంది. మన భాష ఆగిపోయేదీ సరిగ్గా అక్కడే.

దీనికి చాలామంది తల్లిదండ్రులు చెప్పుకునే పరిష్కారం పిల్లల్ని మొదటి నుంచే ఇంగ్లీషు మాధ్యమంలో వేయడం. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. కానీ ఇంట్లో వినని భాషలో ఏడేళ్ల పిల్ల లెక్కలు నేర్చుకుంటే, లెక్కా రాదు, భాషా రాదు. ఇంటి భాషలో పునాది పడ్డ పిల్లకు రెండో భాష మీద పట్టు తర్వాత వస్తుంది. అందుకే చేయవలసింది తెలుగు బడిని ఖాళీ చేయడం కాదని, ఎనిమిదో తరగతి నుంచి పదకొండో తరగతి దాకా ఒక వంతెన కట్టడమని మేము అనుకుంటున్నాం.

ఆ వంతెనకు మొదటి పలక పారిభాషిక పదాలు. మన పిల్లలు 'కసాగు' అని నేర్చుకున్నదాన్ని మరాఠీలో 'లసావి' అంటారు. మన 'గసాభా' వాళ్ల 'మసావి'. మనం స్పీడును 'వడి' అంటే వాళ్లు 'చాల్' అంటారు. 'వేగం' మాత్రం రెండు భాషల్లోనూ వెలాసిటీయే. 'త్వరణం' దాదాపు అదే మాట. సంస్కృతం నుంచి వచ్చిన పదాలు రెండు భాషల్లోనూ ఎక్కువే కాబట్టి మనం అనుకున్నంత దూరం లేదు. ఎనిమిది నుంచి పది దాకా ప్రతి సైన్సు, లెక్కల పాఠం చివర తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మాటల్ని మూడు వరుసల్లో రాయించి, పరీక్షలో ఐదు మార్కులు వాటికే పెడితే, పదకొండో తరగతి మొదటి నెలలో పిల్లవాడు బెంచీ మీద బిత్తరపోడు. ఇది ఏ బడిలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు, ఖర్చు లేని పని. కానీ బడికో జాబితా తయారవడం కంటే జిల్లా శిక్షణ సంస్థ డైట్ ఒకే జాబితా తయారు చేసి అందరికీ ఇస్తే మేలు.

రెండో పలక దారుల సమాచారం. ఎక్కడ తెలుగు అక్కరకు వస్తుందో, ఎక్కడ రాదో తల్లిదండ్రులకు స్పష్టంగా తెలియాలి. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షకు అర్హత పదో తరగతి. 2024 నుంచి దాన్ని తెలుగులోనూ రాయవచ్చు. రైల్వే నియామక పరీక్షలూ తెలుగులో ఉన్నాయి. అదే మహారాష్ట్ర పోలీసు భర్తీకి పన్నెండో తరగతి కావాలి, రాత పరీక్ష మరాఠీలో ఉంటుంది. అంటే కేంద్రం ఉద్యోగానికి తెలుగు అడ్డం కాదు, రాష్ట్రం ఉద్యోగానికి మరాఠీ లేకుండా కుదరదు. మరాఠీని పాస్ మార్కుల సబ్జెక్టుగా చూసే అలవాటు ఇంట్లోనూ బడిలోనూ పోవాలి.

పదో తరగతి తర్వాత పిల్లల్ని రైలెక్కించి కాగజ్‌నగర్‌కో, మంచిర్యాలకో, హైదరాబాద్‌కో పంపే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ తెలుగువాళ్లే ఉంటారు, కాలేజీలూ బాగుంటాయి. కానీ డాక్టరు చదువు ఆశ ఉన్నవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి. మహారాష్ట్రలో నీట్ రాష్ట్ర కోటా సీటుకు, కొన్ని మినహాయింపులు తప్ప, పది, పన్నెండు రెండూ ఈ రాష్ట్రంలోనే పాసై ఉండాలి. తెలంగాణలో స్థానికత కావాలంటే సాధారణంగా పన్నెండో తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. ఆ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. పదో తరగతి ఇక్కడ, ఇంటర్ అక్కడ చదివిన పిల్ల రెండు రాష్ట్రాల కోటాకూ దూరమయ్యే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కూ ఉంది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కావాలంటే పరీక్ష కేంద్రాన్ని ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఎంచుకోవాలి. ఈ సంగతులు దరఖాస్తు నింపే రోజు కాదు, తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి.

కులధ్రువీకరణ మరో ముడి. రిజర్వేషన్ సీటుకు కుల సర్టిఫికెట్‌తో పాటు వ్యాలిడిటీ కూడా అడుగుతారు. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికి కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు పాత కాగితాలు చూపాలి. తాతగారి స్కూలు దాఖలా, గని ఉద్యోగ పత్రం, భూమి కాగితం ఏవి ఉన్నా ఇప్పుడే వెతికి దాచుకోవడం మంచిది. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక వెతికితే సమయం చాలదు.

మూడో పలక పదకొండో తరగతి ప్రవేశాలు. 2025-26 నుంచి రాష్ట్రమంతటా ఇవి ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. పది కాలేజీల దాకా ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఆ వరుస తప్పుగా పెడితే ఇంటికి దూరంగా సీటు వస్తుంది. దూరమైతే ముందు చదువు ఆగేది ఆడపిల్లకే. ప్రతి తెలుగు బడిలో ఆ రెండు వారాలూ ఒక ఉపాధ్యాయుడు ఈ పని మీదే కూర్చోవాలి.

ఇవన్నీ ఎవరు నడిపించాలి? ప్రస్తుతం ఎవరి చేతిలోనూ లేదు. పుస్తకాలు పుణెలో తయారవుతాయి, బడుల తనిఖీ జిల్లా పరిషత్ చూస్తుంది, ఐటీఐలు మరో శాఖవి. పిల్లవాడు ఒక శాఖ నుంచి మరో శాఖకు వెళ్లేటప్పుడు చేయి పట్టుకునేవారు లేరు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ప్రాథమికం దాటాక ఏం చేయాలన్నది జిల్లా యంత్రాంగం చొరవకే మిగిలింది. అందుకే జిల్లా పరిషత్ మాధ్యమిక విద్యాధికారి కార్యాలయంలో అల్పసంఖ్యాక భాషా బడుల కోసం ఒక అధికారికి ఈ బాధ్యత అప్పగించాలని కోరుతున్నాం. తెలుగు చదవగలిగినవారైతే ఇంకా మంచిది. జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వృత్తులు చూపమంటోంది. మన జిల్లాలో థర్మల్ కేంద్రం ఉంది, చిచ్‌పల్లిలో వెదురు శిక్షణ కేంద్రం ఉంది, తాడోబా అడవి ఉంది. ఆ పది రోజులను విహారయాత్రగా కాక, ఏ పనికి ఏ చదువు కావాలో చూపే రోజులుగా మార్చే పని ఆ అధికారికే ఇవ్వవచ్చు.

బడుల వైపు నుంచీ ఒక పని ఉంది. పదో తరగతి పాసైన ప్రతి విద్యార్థి రెండేళ్ల తర్వాత ఎక్కడున్నాడో ఒక రిజిస్టరులో రాసుకోవాలి. ఎందరు సైన్సు మధ్యలో వదిలేశారు, ఎందరు ఐటీఐ ముగించారు, ఎందరు ఇంట్లో ఉన్నారు. ఆ లెక్క మన చేతిలో ఉంటే అధికారుల ముందు గట్టిగా మాట్లాడగలం. వచ్చే తల్లిదండ్రుల సభలో పాసైన శాతంతో పాటు ఈ లెక్కను కూడా అడగండి. బడి దగ్గర అది లేకపోతే, ఆ రోజే రిజిస్టరు తెరిపించండి.